నేను రాసిన డెబ్బై రెండు

లేబర్ వార్డులో నా నోటికి జడవని తల్లి ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు గవర్నమెంటు నర్సుగా చేశాను. అందులో సగానికి పైగా విజయనగరం జిల్లాలో సముద్రం వైపున్న ఒక ఆసుపత్రిలో, కాన్పుల వార్డులోనే గడిచింది. బిడ్డను పక్కన పడేసి ఫోను చూసుకుంటున్న తల్లి కంటబడితే చాలు, నాకు పూనకం వచ్చేది. "ఒసే, ఆ ఫోను నీ పాలు తాగుతాదేటే? పిల్లనెత్తి గుండె మీదేసుకో!" అని కేకేసేదాన్ని. వాళ్ళు నవ్వేవారు, నన్ను తిట్టుకునేవారు, అయినా నా మాట వినేవారు.

నెల ముందుగా పుట్టిన పిల్లల విషయంలో నాకు మరీ పట్టుదల. మా వార్డు లేడీ డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నది అదే. ముప్పై అయిదు వారాలు దాటి పుట్టి, పుట్టగానే ఏడ్చి, రొమ్ము పట్టి, ఒళ్ళు వెచ్చగా ఉన్న బిడ్డకి ఉండాల్సిన చోటు తల్లి గుండె. అలాగని గాలికి వదిలేయకూడదు. బిడ్డ చొక్కా ఎత్తి, గడియారం చూసుకుంటూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టాలి. అరవై దాటినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా, కాళ్ళు చల్లబడినా, ఒళ్ళు పచ్చబడినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. అంతే. ఈ నాలుగు ముక్కలూ కొన్ని వందల మంది తల్లులకి చెప్పి ఉంటాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

కానీ మా వైపు జనానికి ఆ రోజుల్లో అద్దాల పెట్టె మీద మోజు పట్టుకుంది. పిల్లల ఐసీయూని అందరూ అలాగే అనేవారు. బారసాలకి వెళితే బాబు ఎవరి పోలిక అని అడగడం మానేసి, ఎన్ని రోజులు పెట్టెలో ఉన్నాడని అడిగేవారు. ఎక్కువ రోజులు చెప్పినావిడ కొంచెం మెడ సాగదీసి చెప్పేది. అలాంటి వాళ్ళను చూసి నేను ఇంటికొచ్చి వెటకారాలు ఆడేదాన్ని. నా కూతురు పడీ పడీ నవ్వేది.

రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవిలో నా కూతురు తొలి కాన్పుకి మా ఇంటికొచ్చింది. నాకు ఒక్కతే కూతురు. వాళ్ళ నాన్న పోయాక మేమిద్దరమే. అల్లుడు శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగి. వాళ్ళ అమ్మ, అంటే మా వియ్యపురాలు, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. నేను ఆవిడ ముందు ఎప్పుడూ ఒక మెట్టు పైకెక్కి మాట్లాడేదాన్ని. "డాక్టరమ్మ నన్నడక్కుండా సంతకం పెట్టదు వదినగారూ" అని డబ్బా కొట్టుకునేదాన్ని. ఆవిడ ప్రైవేటులో పురుడు పోయిద్దామంటే, "ఊరందరికీ నేను పోసిన పురుడు నా కూతురికి పొయ్యలేనా?" అని మా ఆసుపత్రికే తీసుకొచ్చాను.

నొప్పులు అయిదు వారాల ముందే వచ్చేశాయి. పొద్దున్న తొమ్మిదింటికల్లా మామూలు కాన్పు అయిపోయింది. మగపిల్లాడు. రెండు కిలోల రెండు వందల గ్రాములు. కాలు బయటికి రాకముందే ఏడుపు మొదలెట్టాడు, వెధవ. డాక్టరమ్మ వాణ్ణి తుడిచి నా కూతురి గుండె మీద పడుకోబెట్టింది. అరగంటకి వాడే వెతుక్కుని రొమ్ము పట్టాడు. "మీ అమ్మ నోరే వచ్చింది వీడికి" అని డాక్టరమ్మ నవ్వి, "గంటగంటకీ చూస్తూ ఉండు సిస్టర్, ఎక్కడికీ పంపక్కర్లేదు" అని చెప్పి ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళిపోయింది. నా కూతురు వాడి నెత్తి మీద ముక్కు పెట్టి వాసన చూస్తూ, "అమ్మా, వీడు నా దగ్గరే పడుకుంటాడు కదా?" అంది. "నీ దగ్గర కాక నా దగ్గరేటే" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

పక్క మంచం మీద చేపలమ్ముకునే ఆవిడ ఉండేది. పూసపాటిరేగ అవతల పల్లె ఆవిడది. ఆవిడ ఆడపిల్ల మా వాడికంటే చిన్నది, రెండు కిలోలు కూడా లేదు. ఆ పిల్లను పాత చీరతో గుండెకి కట్టించింది నేనే. మొదట్లో ఆవిడ ఒప్పుకోలేదు. "పిల్ల ఊపిరాడక సచ్చిపోతాది, నానెట్టుకోను" అని మొండికేస్తే, నేను అరిచి, బతిమాలి, చివరికి నా చేతులతోనే కట్టాను. అప్పటికి అయిదు రోజులైంది. ఆ పిల్ల కట్టులోంచి తల మాత్రం బయటపెట్టి హాయిగా నిద్రపోతూ ఉండేది.

పదకొండు గంటలకి వియ్యపురాలు వచ్చింది. వార్డు గుమ్మంలోనే పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మంచానికి ఇద్దరు మనుషులు, కింద చాపలు, టిఫిన్ క్యారేజీలు, ఆ చేపలావిడ కోసం వచ్చిన ఆరుగురు చుట్టాలు. బాబును చూసి ముద్దాడింది కానీ, మొహంలో సంతోషం లేదు. నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అంది.

"మా తోటికోడలి మనవడు నెలలు నిండి పుట్టినా విశాఖపట్నంలో అయిదు రోజులు పెట్టెలో ఉంచారండీ. మనవాడు నెల ముందు పుట్టి ఇలా ఈ మంచాల మధ్యా? రేపు నలుగురూ అడిగితే ఏటి చెప్పాలి వదినగారూ?"

"బాబు బాగున్నాడు, పంపక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది కదండీ" అన్నాను.

"మీరు చెప్తే డాక్టరమ్మ సంతకం పెడతాదన్నారు కదా. చెప్పలేకపోతే చెప్పలేనని అనండి" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. భయపడి చేశానని చెప్పుకుంటే ఇప్పుడు నాకు కాస్త మర్యాదగా ఉండేది. ఎవరైనా అడిగితే అమ్మమ్మ మనసు కదా అని జాలి పడతారు. కానీ నాకు భయం వేయలేదు. వాడి ఊపిరి అప్పుడే లెక్కపెట్టి ఉన్నాను, నిమిషానికి నలభై ఆరు. పెదాలు ఎర్రగా ఉన్నాయి, కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. నాకు పోతుందనిపించింది పరువు ఒక్కటే. టేబులు దగ్గరికి వెళ్ళి కేస్ షీటు తీసి, ఊపిరి అన్న గడిలో డెబ్బై రెండు అని రాశాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది.

రిఫరల్ చీటీ నింపి థియేటర్ తలుపు దగ్గర నిలబడ్డాను. డాక్టరమ్మ గ్లవ్స్‌తోనే బయటికి వచ్చి చీటీ చూసింది. "అయ్యో, ఇందాక బాగానే ఉన్నాడే" అని బాబు దగ్గరికి రాబోయి ఆగిపోయింది. లోపల మనిషి పొట్ట తెరిచి ఉంది. "నువ్వు లెక్కపెట్టావుగా, ఇంక నేను చూడక్కర్లేదులే. పంపించెయ్" అని ఒక చేతి గ్లవ్ తీసి, చీటీని థియేటర్ నర్సు చేత పట్టించి సంతకం చేసింది. ఆ నమ్మకం మీద నేను ఉమ్మేశాను.

బాబును నా కూతురి గుండె మీద నుంచి తీస్తుంటే అది వదల్లేదు. "బాగున్నాడు కదమ్మా, ఇప్పుడే పాలు తాగాడు కదా, ఏటయింది?" అని నా చెయ్యి పట్టుకుంది. "ఊపిరి ఎక్కువవుతున్నాది. నువ్వు నోరు మూసుకుని పడుకో" అన్నాను. నర్సునని నా మాట నమ్మింది. చేతులు వదిలేసింది. పక్క మంచం ఆవిడ లేచి కూర్చుని తన కట్టు మీద చెయ్యేసుకుని అడిగింది.

"అమ్మా, నా గుంట నీ మనవడికన్నా సిన్నది గదా. మరి దీన్ని పెట్టెలో ఎందుకెట్టనేదు?"

వార్డంతా నా వైపు చూసింది. "నోర్ముయ్యే! నీకేటి తెలుసు?" అని అరిచాను. అంతవరకూ నేను ఎంత అరిచినా ఆవిడ ఎదురు నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని గోడ వైపు తిరిగిపోయింది. పెట్టె నా వాళ్ళకి, చీర కట్టు తనలాంటి వాళ్ళకి అని ఆవిడకి అనిపించి ఉంటుంది. అంతకన్నా ఏమనిపిస్తుంది?

విజయనగరంలో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రికి అంబులెన్స్‌లో వెళ్ళాం. అక్కడి డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. బాబును పరీక్షగా చూసి, తనే లెక్కపెట్టి, "ఇప్పుడు యాభై ఉంది, బాగానే ఉన్నాడు" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తీసుకుపోవచ్చు, వియ్యపురాలి ముచ్చటా తీరింది అనుకున్నాను. ఆయన చీటీ మళ్ళీ చదివాడు. "కానీ గంట క్రితం డెబ్బై రెండు ఉందంటే వదిలేయలేం మేడమ్. నెల తక్కువ బిడ్డ. ఇన్ఫెక్షన్ మొదలవుతూ ఉండొచ్చు. వేరే ఎవరైనా రాస్తే అనుమానించేవాణ్ణి, మీరు సీనియర్ స్టాఫ్ కదా" అన్నాడు. నిజం నోటి దాకా వచ్చింది. పక్కనే వియ్యపురాలు నిలబడి ఉంది. మింగేశాను.

ఆ డాక్టరు తప్పు ఏమీ లేదు. నా అంకె నిజమైతే ఆయన చేసిందంతా సరైన పనే. రక్తం తీశారు. పాలు ఆపేసి సెలైను పెట్టారు. నరం దొరక్క కుడిచేతికి రెండుసార్లు, ఎడమచేతికి ఒకసారి పొడిచి, చివరికి కాలికి పెట్టారు. నేను లోపలే ఉన్నాను, నర్సునని ఉండనిచ్చారు. నా సర్వీసులో పిల్లలకి ఎన్ని సూదులు వేశానో లెక్కలేదు, ఏనాడూ కళ్ళు తిప్పుకోలేదు. ఆ రోజు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఇన్ఫెక్షన్ లేదని తేలేదాకా, కనీసం అయిదు రోజులు మందులు ఆపకూడదన్నారు.

మర్నాడు నా కూతుర్ని ఆటోలో తీసుకొచ్చాను. పచ్చి బాలింత, తలకి గుడ్డ కట్టుకుని ఐసీయూ బయట బెంచీ మీద కూర్చునేది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి అద్దంలోంచి చూపించేవారు. మూడో రోజుకి పాలు పడి రొమ్ములు రాళ్ళయిపోయాయి. ఆ పాలు పిండి గిన్నెలోకి పడుతూ, "అమ్మా, వాడికి ఆకలేయదా? నా పాల వాసన తెలుస్తాదా?" అని ఏడ్చేది. నేను కళ్ళు తుడిచేదాన్ని. "దేవుడికి స్తోత్రం చెప్పుకోవే, బేగి తెచ్చాం" అనేదాన్ని. ఛీ! ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

నాలుగో రోజు మధ్యాహ్నం నిజం చెప్పేద్దామని డాక్టరు గది తలుపు తట్టాను. ఆయన లేచి కుర్చీ చూపించాడు. "ఏమిటి మేడమ్?" అన్నాడు. ఉద్యోగం పోతుంది. డాక్టరమ్మ మొహం ఎలా చూడను? వియ్యపురాలు ఊరంతా చెబుతుంది. ఈ మూడూ వరసగా తోచాయి. వాడి కాలికి ఉన్న సూది నాలుగోదిగా తోచింది. "ఏం లేదు డాక్టరుగారూ, ఎప్పుడు పంపిస్తారో అని" అన్నాను. ఆయన పాపం నాకు ధైర్యం చెప్పి పంపాడు.

ఏడో రోజు బాబును చేతికిచ్చారు. ఇన్ఫెక్షన్ ఏమీ తేలలేదు, ముందుజాగ్రత్త మంచిదే అయిందన్నారు. వాడు మాత్రం రొమ్ము పట్టలేదు. పుట్టిన అరగంటకి తనే వెతుక్కున్నవాడు, ఇప్పుడు దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పుకుని కేకలు పెట్టాడు. ఐసీయూలో చివరి రోజుల్లో పట్టిన ఉగ్గుగిన్నెకి అలవాటు పడిపోయాడు. నెల రోజులు నా కూతురు వాడితో కుస్తీ పట్టింది. ఈలోపు పాలు తగ్గిపోయాయి, డబ్బా పాలు కలిపాం. "నా దగ్గర ఏదో లోపం ఉన్నాది, అందుకే రావట్లేదు" అని అది వంటింట్లో కూర్చుని ఏడిస్తే, నేను మెంతులు, వెల్లుల్లి వేసి ఏవో చేసి పెట్టాను. నేను పెట్టాల్సింది అవి కాదు.

డ్యూటీకి తిరిగి వెళ్ళిన రోజున పక్క మంచం ఖాళీగా ఉంది. పిల్ల బరువు పెరిగిందని, ఇంటికి పంపేశారని చెప్పారు. వెళ్ళేటప్పుడు ఆవిడ నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను. అడగలేదన్నారు.

మాది బాప్టిస్టు కుటుంబం. బాబుకి మూడో నెల రాగానే మా చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించాం. వియ్యపురాలి వైపు వాళ్ళంతా వచ్చారు. నా కూతురు బిడ్డనెత్తుకుని మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. "డాక్టర్లు కూడా బాగున్నాడని వదిలేశారు. కానీ దేవుడు మా అమ్మ చేత లెక్కపెట్టించాడు. మా అమ్మ కనిపెట్టకపోతే వీడు ఈ రోజు ఉండేవాడు కాదు" అంది. చర్చి అంతా ఆమెన్ అంది. పాస్టరమ్మగారు నా భుజం తట్టింది. వియ్యపురాలు కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మా సంఘంలో నాకు అంత గౌరవం ముందెప్పుడూ దొరకలేదు. తల వంచుకుని కూర్చున్నాను. అణకువ అనుకున్నారు.

లేచి చెప్పాల్సిన చోటు అది. సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి ఒప్పుకోవచ్చు, మా సంఘంలో ఆ పద్ధతి ఉంది. తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు లేచి ఒప్పుకున్నాడు. చీటీపాట ఎగ్గొట్టినావిడ ఒప్పుకుంది. నేను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పాట అందుకున్నాను. ఆ తరవాత మూడేళ్ళు ఆ కథ ఇంటింటా తిరిగింది. ఎవరికి నెల ముందు కాన్పయినా, "మీ మనవడిలాగే మావాడికీ పెట్టె రాయండమ్మా" అని నా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళ మీద విసుక్కునేదాన్ని, కసిరేదాన్ని. వార్డులో గొంతు చించుకుని గుండె మీద పెట్టుకోండే అని అరవడం మాత్రం తగ్గిపోయింది. నా గొంతు నాకే వినబుద్ధి అయ్యేది కాదు.

మూడేళ్ళకి నా కూతురికి రెండో కాన్పు. మళ్ళీ నాలుగు వారాలు ముందు. "మా అమ్మ చేతుల్లోనే" అని పట్టుబట్టి మా ఆసుపత్రికే వచ్చింది. ఈసారి ఆడపిల్ల. పదిగంటల వేళ పుట్టింది, ఏడ్చింది, రెండుంపావు కిలోలు, చక్కగా ఉంది. తుడిచి నా కూతురి గుండె మీద పడుకోబెట్టాను. అది చేతులు రెండూ మంచానికి అటూ ఇటూ చాపేసుకుంది. పిల్లను ముట్టుకోలేదు.

"పట్టుకోవే" అన్నాను.

"వద్దమ్మా. ఎత్తుకెళ్ళిపో. బాబులాగే బేగి రాసి పంపించెయ్. ఈసారి నేను ఏడవను. పది రోజులైనా ఉంటాను" అంది.

"పిల్ల బాగున్నాదే."

"బాబు కూడా బాగున్నాడనే అనుకున్నాను కదా. నా దగ్గరుంచుకుంటే ఏదైనా అయిపోతాది. నాకు తెలీదు, నీకు తెలుస్తాది. తీసెయ్యమ్మా, తీసెయ్!"

పిల్ల దాని గుండె మీద తల ఆనించి పెదాలు చప్పరిస్తోంది. అది కళ్ళు గట్టిగా మూసుకుని, పిల్లకి తన చెయ్యి తగలకుండా బిగదీసుకుని పడుకుంది. కన్నతల్లికి తన ఒళ్ళంటే భయం పుట్టింది. అది నేను పుట్టించిన భయం. ఇంక నా వల్ల కాలేదు.

"బాబుకి ఏటీ అవనేదే" అన్నాను. "ఆ రోజు లెక్కపెడితే నలభై ఆరే వచ్చింది. డెబ్బై రెండని నానే రాసినాను."

అది కళ్ళు తెరిచింది. "అంటే?"

"అబద్ధం రాసినాను. వాడికి పెట్టె అక్కర్లేదు. మీ అత్తగారి ముందు నా మాట సాగుతాదని చూపించుకోడానికి రాసినాను."

నేను తిట్టమనే కోరుకున్నాను. దానికి నా నోరే వచ్చింది, తిడితే బాగుండును అనుకున్నాను.

"మరి ఆ సూదులు?" అంది.

"నా రాత వల్లే."

"నా పాలు? నాలో లోపం ఉందని నేనేడుస్తుంటే, నువ్వు పక్కనే కూర్చున్నావు కదమ్మా."

"కూర్చున్నాను" అన్నాను.

అది నెమ్మదిగా రెండు చేతులూ తెచ్చి పిల్ల వీపు మీద వేసింది. ఒక చెయ్యి, తరవాత ఇంకొకటి. పిల్ల కాస్త కదిలి రొమ్ము వెతుక్కోవడం మొదలెట్టింది. ఎలాగైనా ఊపిరి చూడాలి కదా, అలవాటు కొద్దీ గడియారం తిప్పుకుని పిల్ల మీది గుడ్డ తొలగించబోయాను. నా కూతురు నా మణికట్టు పట్టుకుని పక్కకి పెట్టింది.

"నువ్వు లెక్కెట్టకు. వేరే సిస్టర్ని పిలు" అంది.

వెళ్ళి పిలిచాను. ఏడాది క్రితం ఉద్యోగంలో చేరిన పిల్ల, ఊపిరి లెక్కపెట్టడం నా దగ్గరే నేర్చుకుంది. వచ్చి, వంగి, నిమిషం నిండా లెక్కపెట్టి, "నలభై నాలుగు, చాలా బాగున్నాదక్కా" అంది.

"నిజమేనా?" అని అడిగింది నా కూతురు.

ఆ సిస్టరు తెల్లబోయింది. ఆ వార్డులో అలా ఎవరూ అడగరు. నా వైపు చూసి, "కావాలంటే మళ్ళీ లెక్కెడతానక్కా" అంది.

"పెట్టు" అంది నా కూతురు.

ఆ పిల్ల మళ్ళీ వంగింది. ఆ నిమిషమంతా నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.